కచ్చాకుట్టు గది

ఇంటికి గది కలుపుతున్నారని తెలిస్తే చాలు, వీధిలో ప్రతివాళ్ళకీ నోరు దురద పుడుతుంది. పైకి వేస్తారా, పక్కకి వేస్తారా? పునాది మోస్తుందా? బాత్రూమ్ గదిలోపలేనా, బయటా? ఈ తంటా అంతా ఎందుకు, ఉన్నది అమ్మేసి పెద్దది కొనుక్కోవచ్చుగా? మందుల షాపు కౌంటర్ దగ్గర పనిచేసే ఆ ఇంటి మరదలికి ఈ ప్రశ్నలతో తల ప్రాణం తోకకొచ్చేది. దగ్గు మందు కోసం వచ్చినవాళ్ళు కూడా చీటీ చేతికివ్వకముందే గది సంగతి ఎత్తేవారు. వాళ్ళు దగ్గుతూ అడగడం, ఈవిడ మాత్రల అట్ట కత్తిరిస్తూ జవాబు చెప్పడం. అన్నిటికీ ఏదో ఒకటి చెప్పేది గానీ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నీళ్ళు నమిలేది. ఇంతకీ ఆ గది ఎవరికి?

“మా పిల్లకి,” అనేది, తల ఎత్తకుండా.

పచ్చి అబద్ధం. ఆ గది వదినకి.

వదిన అంటే ఆమె భర్తకి సొంత అక్క. వీధంతా టైలరమ్మ అని పిలుస్తుంది. అమ్మానాన్నా పోయాక మిషను తొక్కి తమ్ముణ్ణి పెంచింది, కరెంటాఫీసులో లైన్‌మన్‌ని చేసింది, పెళ్ళి చేసింది. తన పెళ్ళి ఊసు ఎవరైనా ఎత్తితే “ముందు ఈ జాకెట్టు అయిపోనివ్వండి” అనేది. చూడబోతే ఆ జాకెట్టు ఇప్పటికీ అయినట్టు లేదు.

ఇల్లంటే ఒక హాలు, ఒక పడకగది, ఒక వంటిల్లు, పక్కన కాస్త ఖాళీ జాగా. పడకగది భార్యాభర్తలది. హాల్లో కిటికీ పక్కన మిషను, మిషను పక్కన వదిన చాప. పిల్ల కాస్త ఎదిగాక దాని చాప కూడా అక్కడికే చేరింది. మంచం వేస్తే నడవడానికి దారుండదని వదిన ఏనాడూ మంచం ఎక్కలేదు. లైన్‌మన్‌కి వేళాపాళా లేని ఉద్యోగం. ఎక్కడ తీగ తెగినా బూట్లు చేత్తో పట్టుకుని అక్క కాళ్ళ మీదుగా దాటిపోవాల్సిందే. మంచినీళ్ళకి లేచినవాళ్ళు దాటేవారు, పాలు తెచ్చినవాళ్ళు దాటేవారు, చుట్టాలు దాటేవారు. ఆవిడ తలుపు తట్టినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఉంటే గదా తట్టడానికి!

మరదలికి ఇది కాపురానికి వచ్చిన కొత్తలోనే ముల్లులా గుచ్చుకుంది. చేతనైనంత చేసింది. ఒకసారి వదిన కోసం బీరువా కొంటే అది వారం తిరక్కుండా పిల్ల పుస్తకాలతో నిండిపోయింది. ఇంకోసారి మడత మంచం తెస్తే, ఎదురింటివాళ్ళమ్మాయి పురిటికి వచ్చిందని ఆ మంచం ఎదురింటికి పోయింది. “నాకెందుకమ్మా ఇవన్నీ, నేను చాప మీదే హాయిగా పడుకుంటా” అని నవ్వేసేది వదిన. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండేది మరదలికి. కోపం వదిన మీద కాదు, ఆ చాప మీద.

అందుకే ఈసారి ఎత్తు మార్చింది. గది తనకని తెలిస్తే వదిన పునాది కూడా తవ్వనివ్వదు. పిల్ల పెద్దదవుతోంది, చదువుకోవడానికి గది కావాలి అంటే మాత్రం ముందుండి కట్టిస్తుంది. కట్టడం పూర్తయ్యాక ఆవిణ్ణి లోపలికి తోసి తలుపేసెయ్యొచ్చు.

“అక్కకి అబద్ధం చెప్పాలంటావా?” అన్నాడు లైన్‌మన్, మొహం అప్పుడే పాలిపోయింది. “నాకు చెమటలు పడతాయే.”

“స్తంభం ఎక్కినప్పుడు పట్టని చెమటలు అక్క దగ్గరెందుకండీ?”

“స్తంభం దగ్గరైతే కరెంటు ఆపుకుని ఎక్కుతాం.”

పిల్ల మాత్రం ఇట్టే ఒప్పుకుంది. గది అత్తకి పోతే హాలు తనకొస్తుంది, టీవీతో సహా. ఇంతకన్నా లాభసాటి బేరం ఏముంది?

ముందు ఇల్లు కొనే ముచ్చట కూడా తీరింది. మూడు పడకగదుల ఇల్లు అమ్మకానికి ఉందని ఒక బ్రోకరు వెంటపడితే అందరూ కలిసి వెళ్ళారు. వదిన మెడలో టేపు వేసుకునే వచ్చింది, అది ఆవిడకి ఒంటి మీది నగలాంటిది. ఒక్కో గదిలో నిలబడి చేతులు చాపి చూసింది.

“బాబూ, ఇక్కడ మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకుంటుందా?”

“సర్దుకోవచ్చమ్మా.”

“మంచం సర్దుకుంటుంది. మనిషి ఎక్కడ నిలబడాలి?” అని అడిగింది వదిన, ఎంతో మర్యాదగానే. “ఇవి మూడు గదులు కావు బాబూ. ఒక గదిని మూడు ముక్కలు కోశారు.”

బ్రోకరు నోరెళ్ళబెట్టాడు. ఇక కొనే మాట అక్కడితో సరి.

తర్వాత మేస్త్రి వచ్చాడు. దేనికైనా “తొందరెందుకు” అనడం ఆయనకి ఊతపదం, అందుకని ఊళ్ళో ఆయన పేరు తొందరెందుకు మేస్త్రి. అయితేనేం, పని మాత్రం నమ్మకమైనది. ఇంటి మూల దగ్గర గొయ్యి తీయించి, మోకాళ్ళ మీద కూర్చుని పునాది ఎంత లోతు ఉందో, ఎంత వెడల్పు ఉందో చూశాడు. పైన ఒక్క గది నిక్షేపంగా మోస్తుందని తేల్చాడు. పైకి వేస్తే కొత్త పునాది అక్కర్లేదు, పక్క జాగా మిగులుతుంది, గాలి బాగా వస్తుంది.

“అయితే పైనే వెయ్యండి,” అంది వదిన. “పిల్లకి మెట్లొక లెక్కా!”

వదినకి మోకాళ్ళ నొప్పి. ఏళ్ళ తరబడి మిషను తొక్కిన కాళ్ళు. వీధి అరుగు ఎక్కాలంటేనే గోడ పట్టుకుని ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆవిడ మెట్లెక్కి పైకి వెళ్ళడమా?

“పైన వద్దు!” అనేసింది మరదలు. “పిల్లకి... పిల్లకి మెట్లంటే భయం.”

అందరూ ఆమె వైపు చూశారు. సరిగ్గా అదే సమయానికి బడి నుంచి పిల్ల వచ్చింది. గేటు తియ్యడానికి బద్ధకమై సంచీ లోపలికి విసిరి, ప్రహరీ గోడ ఎక్కి, దభేలున ఇవతలికి దూకింది. “ఏంటి అందరూ అలా చూస్తున్నారు?” అంది మట్టి దులుపుకుంటూ.

లైన్‌మన్ నేల చూపులు చూశాడు. మేస్త్రి దగ్గాడు. వదిన మాత్రం కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

గది పక్క జాగాలోనే వెయ్యాలని మరదలు పట్టుబట్టింది. ఒక్క అబద్ధం ఆడితే దాని వెనక ఎన్ని వచ్చి పడతాయో అప్పుడు తెలిసింది పాపం. బాత్రూమ్‌కి మెట్టు ఉండకూడదంది. లోపల గోడకి పట్టుకునే కడ్డీ కావాలంది. నేల నున్నగా ఉండకూడదంది. స్విచ్చులు కూర్చున్నా అందాలంది.

“పడుచుపిల్లకి ఇవన్నీ ఎందుకమ్మా?” అన్నాడు మేస్త్రి.

“ముందు జాగ్రత్త,” అంది మరదలు.

“ఇంత ముందా?” అని తల గోక్కున్నాడాయన. “సరే, తొందరెందుకు. రేపు ముగ్గేసి తవ్వడం మొదలెడదాం.”

“ఆగండి మేస్త్రిగారూ,” అంది వదిన. “గుడ్డ తప్పు కుడితే విప్పుకోవచ్చు. గోడ విప్పగలమా? ముందు కచ్చాకుట్టు వేసి చూద్దాం.”

కచ్చాకుట్టు అంటే తెలుసుగా. బట్టని మిషను మీద గట్టిగా కుట్టకముందు చేత్తో పెద్ద పెద్ద టాకాలు వేసి, మనిషికి తొడిగి చూస్తారు. బిగుతైతే వదులు చేస్తారు, వదులైతే బిగిస్తారు. ఆ తర్వాతే అసలు కుట్టు. అదే పద్ధతి గదికి కూడా పెట్టింది వదిన. పాత దుప్పట్లు, చిరిగిన తెరలు, ఎవరూ తీసుకెళ్ళక మిగిలిపోయిన గుడ్డలు, అన్నీ కలిపి నాలుగు గోడలు కుట్టేసింది. తలుపు చోట ఒక తెర. కిటికీ చోట చదరంగా కత్తిరించి, అంచుల్లో పోగులు ఊడకుండా మడిచి కుట్టింది. లైన్‌మన్ పక్క జాగాలో కర్రలు పాతి, తీగలు బిగించి, గోడలు వేలాడదీశాడు. మంచం కొలతకి ఒక బల్ల, బీరువా కొలతకి అట్టపెట్టెలు.

ఏం గది! పూల దుప్పటి గోడ ఒకటి, చారల గోడ ఒకటి. గాలి వీస్తే గది మొత్తం ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బి తగ్గేది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుని చూడ్డానికి వచ్చింది. మొదట నవ్వినవాళ్ళే లోపలికి వెళ్ళి, కిటికీలోంచి తొంగిచూసి, మా ఇంటికి కూడా ఇలాంటిది కుట్టి పెడతావా టైలరమ్మా అని అడిగారు. మేస్త్రి చెప్పులు విడిచి మరీ లోపలికి వెళ్ళాడు. లైన్‌మన్ ఒకసారి మరిచిపోయి దుప్పటి ఎత్తుకుని అడ్డదారిన వెళ్ళబోతే అక్క కేకేసింది.

“గోడలోంచి వస్తావేంరా? తలుపు కనబడ్డం లేదూ?”

పిల్ల బల్ల మీద పడుకుంది, లేచింది, గంతులేసింది, లేని బీరువా తలుపు తెరిచి మూసింది. వదిన చూస్తూ కూర్చుంది. మరదలికి వదిన పనితనంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ చూపే. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళని వదిన ఏమీ అడగదు. ఎలా నడిచి వస్తున్నారో, చెయ్యి ఎంత ఎత్తుతున్నారో, ఏ భుజం కిందికి వంగుతుందో చూస్తుంది. టేపు చివర్న తీస్తుంది, తను అనుకున్నది సరేనా అని చూసుకోవడానికి. అడిగితే ఎవరూ నిజం చెప్పరంటుంది, లావుగా ఉన్నవాళ్ళు సన్నమంటారు, ఇబ్బందిగా ఉన్నవాళ్ళు బానే ఉందంటారు. ఇదంతా చేసే మనిషి తన విషయం వచ్చేసరికి బానే ఉందని నవ్వేస్తుందే, అది తలుచుకుంటే మరదలికి ఏడుపొచ్చేది.

పిల్ల నడకలు చూశాక వదిన తలుపు కొంచెం జరిపింది, బల్లకి తగులుతోందని. కిటికీ ఎత్తు దించింది. రోజుకో మార్పు. మేస్త్రి కూడా అలవాటు పడ్డాడు. పొద్దున్నే వచ్చి “ఇవాళ ఎక్కడుందమ్మా తలుపు?” అని అడిగి మరీ లోపలికి వెళ్ళేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు సాయంత్రం మరదలు షాపు నుంచి వచ్చేసరికి వదిన గుడ్డ గది ముందు పీట వేసుకుని దారం తెంపుతోంది. చారల గోడ ఉండాల్సిన చోట లేదు. బాగా లోపలికి వచ్చేసింది. గది ఇరుకైపోయింది. అవతల జాగా మిగిలిపోయి వెక్కిరిస్తోంది.

“ఏంటి వదినా ఇది?”

“గోడ లోపలికి తెచ్చాను.”

“ఎందుకు?”

“వదులుగా ఉంది.”

అంతే. మరదలు అగ్గిమీద గుగ్గిలమైంది. చేతిసంచీ కింద పడేసింది.

“గదికి వదులేంటి వదినా? ఎవరికి మిగులుస్తున్నారు ఆ జాగా? బీరువా ఇచ్చేశారు. మంచం ఇచ్చేశారు. ఇప్పుడు గదిని కూడా చుట్టూ కత్తిరించి మా చేతుల్లోనే పెడతారా? ఇది పిల్లకి కాదు. మీకు! మీకోసం! నేను అడ్డమైన అబద్ధాలు ఆడి, ఆ మేస్త్రి ముందు పిచ్చిదానిలా నిలబడింది మీకోసం! ఒక్క అంగుళం తగ్గించినా నేను ఒప్పుకోను!”

కళ్ళు తుడుచుకుంది గానీ లాభం లేకపోయింది, నీళ్ళు మళ్ళీ వచ్చేశాయి. హాల్లోంచి పిల్ల తొంగిచూసి, అమ్మ మొహం చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి పోయింది.

వదిన సూదిని జాగ్రత్తగా దారపు ఉండకి గుచ్చింది. పక్కనున్న పీట దగ్గరికి లాగింది.

“కూర్చో అమ్మాయ్. నాకు తెలుసులే.”

“ఏం తెలుసు?”

“గది నాకని.”

“ఎప్పట్నుంచి?”

“పిల్లకి మెట్లంటే భయమన్నావు చూడు, అప్పట్నుంచి.” వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. “అది ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు గోడ మీంచి దూకిందే! వాడు చూస్తే నేల చూపులు. మీ ఇద్దరికీ అబద్ధం ఆడ్డం చేతకాదమ్మా.”

మరదలికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. “తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నారు మరి?”

“వద్దని చెబుదామనే అనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది కూడా. మేస్త్రి తవ్వేలోగా చెబుదాంలే అని ఈ గుడ్డల పని పెట్టుకున్నాను.” వదిన ఆ పూల దుప్పటి గోడ వైపు చూసింది. “నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఎలా ఉంటుందో చూద్దామని లోపలికి వెళ్ళి కూర్చున్నాను. తెర దించుకున్నాను. ఎవరూ రాలేదు. ఎవరూ దాటలేదు. అలా బల్ల మీద ఒరిగాను, అంతే, నిద్ర పట్టేసింది. పట్టపగలు! నాకు! లేచేసరికి ఎండ కిటికీలోంచి కాళ్ళ మీద పడుతోంది. ఇక వద్దనడానికి నోరు రాలేదమ్మా.”

మరదలు ఆవిడ మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో వదిన తన గురించి ఇంతసేపు మాట్లాడ్డం ఆమె వినలేదు.

“అయితే చిన్నది ఎందుకు చేశారు?” అంది నెమ్మదిగా.

“చిన్నది చెయ్యలేదు. పిల్ల కొలతకి కుట్టింది విప్పి నా కొలతకి కుట్టాను. ఇలా రా.”

తెర తీసుకుని ఇద్దరూ లోపలికి వెళ్ళారు. వదిన బల్ల మీద పడుకుని, లేచి, కాళ్ళు కింద పెట్టింది. మోకాలు పట్టేసినట్టుంది, మొహం కొంచెం ముడుచుకుంది. చెయ్యి చాపింది. చారల గోడ చేతికి అందింది. ఆ గోడ వెంట చెయ్యి జరుపుకుంటూ తలుపు దాకా నడిచింది, మధ్యలో ఎక్కడా చెయ్యి గాలిలోకి పోలేదు.

“చూశావా? పిల్ల చేతులూపుకుంటూ తిరుగుతుంది, దానికి జాగా కావాలి. నాకు గోడ అందాలి. అది మొన్న ఉన్నచోటే ఉంటే మధ్యలో పడతాను. ఇంకొకళ్ళ కొలతకి కుట్టిన జాకెట్టు నేనెందుకు తొడుక్కుంటాను చెప్పు? కిటికీ మాత్రం పెంచాను. అంత పెద్దదెందుకని మేస్త్రి అంటే నేనే పోట్లాడతాను.”

మరదలు ఎన్నేళ్ళుగానో గుండెలో మోస్తున్న కోరిక, ఇలా పూల దుప్పటి గోడల మధ్య కళ్ళెదుట నిలబడి ఉంది. వదినకి గది వచ్చినందుకు సంతోషం వేసింది గానీ, అంతకన్నా వదినే దాన్ని తన ఒంటికి తగ్గట్టు కుట్టుకున్నందుకు ఎక్కువ సంతోషం వేసింది. ఈ మనిషిని చూసి మురిసిపోవడానికి తనకి ఇంకెన్ని కారణాలు దొరుకుతాయో అనుకుంది.

వదిన తెర అంచు వేళ్ళతో నలుపుతూ ఏదో చెప్పబోయి ఆగింది.

“చెప్పండి వదినా.”

“ఏం లేదు. ఇంకొకటి అడగనా?”

“అడగండీ!”

“తలుపుకి లోపలివైపు గడియ పెట్టించు.”

గడియ పెట్టించారు. ఒకటి కాదు, కిందొకటి, మీదొకటి పెట్టిస్తానన్నాడు లైన్‌మన్, ఆనందం పట్టలేక. మీదది నాకు అందదురా అని అక్క మందలిస్తే ఒక్కటితో సరిపెట్టాడు. గది తనదేనని అక్కకి మొదట్నుంచీ తెలుసన్న మాట వినగానే ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. మేస్త్రి గుడ్డ గోడల కింద ముగ్గు పోసి, ఆ గీత మీదే తవ్వించాడు. పునాది లేచేదాకా ఆ గుడ్డలు విప్పనివ్వలేదు. గోడలు లేస్తున్నప్పుడు వదిన రోజూ వచ్చి మంచం ఉండాల్సిన చోట కూర్చుని చెయ్యి చాపి చూసుకునేది. “తొందరెందుకమ్మా, అందుతుంది” అనేవాడాయన. కిటికీ విషయంలో నిజంగానే పోట్లాట జరిగింది. వదినే గెలిచింది.

గది పూర్తయింది. వదిన బట్టలు, కత్తెర, దారాల డబ్బా లోపలికి చేరాయి. మిషను మాత్రం హాల్లోనే ఉండనివ్వమంది, పని వేరు పడక వేరు అంది. ఎదురింటి నుంచి మడత మంచం తిరిగి వచ్చింది, ఈసారి వదినే వెళ్ళి అడిగి తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున లైన్‌మన్ బూట్లు చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి, అలవాటు చొప్పున కాలు ఎత్తాడు. కింద ఎవరూ లేరు. ఎత్తిన కాలు అలాగే పెట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. మరదలు టీ గ్లాసు పట్టుకుని వదిన గది వైపు వెళ్ళింది. పిల్ల ఆమెని తోసుకుంటూ ముందుకు పరుగెత్తి కొత్త తలుపుని రెండు చేతులా నెట్టింది. తలుపు కదల్లేదు.

“ఎవరది?” అంది లోపల్నుంచి వదిన.

“నేనే అత్తా! తలుపు తియ్యి!”

“నెడతావేం? తట్టాలి.”

పిల్ల తెల్లబోయింది. “నేనే కదా!”

“నువ్వైనా సరే.”

పిల్ల అమ్మ వైపు చూసింది. లైన్‌మన్ బూట్లతో సహా వచ్చి వెనక నిలబడ్డాడు. మరదలు టీ గ్లాసు ఎడమచేతిలోకి మార్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, వేలి కణుపుతో తలుపు మీద మెల్లగా తట్టింది.

లోపల మంచం కిర్రుమంది. గోడ వెంట చెయ్యి జారుతున్న చప్పుడు వినిపించింది.

“ఉండండి, వస్తున్నా,” అంది వదిన.

ముగ్గురూ తలుపు బయట నిలబడి ఎదురుచూశారు.